కాంతి తోస్తే పరుగెత్తే అయాన్లు



ఈ హాస్టల్లో చదివి, ఇప్పుడు భౌతికశాస్త్రం చదువుతున్న పాత విద్యార్థులం మేము. మీ పాఠ్యపుస్తకంలోని విద్యుత్ క్షేత్రంతోనే అర్థమయ్యే ఒక కొత్త విషయం చెబుతాం.

హైడ్రోజన్ పరమాణువు తన ఒక్క ఎలక్ట్రాన్‌ను కోల్పోతే మిగిలే అయానే ప్రోటాన్. వేగంగా పోయే ప్రోటాన్ శరీరంలో దారి పొడవునా కొద్దిగా, ఆగే చోట ఎక్కువగా శక్తిని వదులుతుంది. అందుకే కాన్సర్ చికిత్సకు ప్రోటాన్లు పనికొస్తాయని 1946లోనే రాబర్ట్ విల్సన్ సూచించారు. కాని వాటిని పరుగెత్తించే యంత్రాలు చాలా పెద్దవి, ఖరీదైనవి. పేదరోగికి ఆ వైద్యం అందాలంటే యంత్రం చిన్నది కావాలి.

లేజర్ చేసే పని

లేజర్ పల్స్‌ను సాగదీసి, శక్తి పెంచి, తిరిగి కుదించే పద్ధతిని 1985లో డోనా స్ట్రిక్‌లాండ్, జెరార్డ్ మూరూ కనుగొన్నారు. 2018 నోబెల్ బహుమతిలో వారికి భాగం దక్కింది. సెకనులో లక్ష కోట్లవ వంతు కూడా ఉండని అలాంటి పల్స్ పలుచని లోహపు రేకును తాకితే, తేలికైన ఎలక్ట్రాన్లు వెనుక వైపు నుండి దూసుకుపోతాయి. ప్రోటాన్ 1836 రెట్లు బరువు కనుక వెనకబడుతుంది. ఈ ఎడబాటు వల్ల మీటరుకు లక్ష కోట్ల వోల్టుల స్థాయి క్షేత్రం ఏర్పడి, రేకుకు అంటిన తేమ, జిడ్డులోని ప్రోటాన్లను లాగుతుంది.

కంప్యూటర్ చేసే పని

ఇంత తక్కువ కాలంలో జరిగేది కంటికి అందదు. అందుకే కంప్యూటర్‌లో ఖాళీ స్థలాన్ని చిన్న గడులుగా విభజిస్తాం. ప్రతి కణాన్నీ లెక్కించలేం. వార్డెన్ గారు బియ్యం గింజల్ని కాక బస్తాల్ని లెక్కపెట్టినట్టు, ఎన్నో కణాలను ఒక్క కణంగా తీసుకుంటాం.

1. కణాల కదలిక నుండి విద్యుత్ ప్రవాహం లెక్కించాలి.
2. మాక్స్‌వెల్ సమీకరణాలతో గడుల్లో క్షేత్రాలు కనుక్కోవాలి.
3. ఆ క్షేత్రాలు కణంపై చూపే బలం లెక్కించాలి.
4. కణాన్ని జరిపి, మళ్ళీ మొదటికి రావాలి.

ఇలా వేలసార్లు. రెండు కొలతల్లో చేస్తే పని త్వరగా అవుతుంది. కాని అక్కడ దూరంతో పాటు క్షేత్రం నెమ్మదిగా తగ్గుతుంది కనుక ప్రోటాన్ శక్తి సాధారణంగా ఎక్కువగా కనిపిస్తుంది. నమ్మదగిన జవాబుకు మూడు కొలతలూ కావాలి.

2000లో అమెరికాలోని లివర్‌మోర్ ప్రయోగశాల 5.8 కోట్ల ఎలక్ట్రాన్ వోల్టులు సాధించింది. 2024లో జర్మనీలోని డ్రెస్డెన్ శాస్త్రవేత్తలు 15 కోట్లు ప్రకటించారు. లోతైన కణితికి 20 కోట్లకు పైగా కావాలి. పైగా ప్రోటాన్లన్నీ దాదాపు ఒకే శక్తితో రావాలి. మిగిలిన పని మీ తరానిది.

స్టడీ అవర్‌లో ఈ లెక్క చేయండి: మీటరుకు లక్ష కోట్ల వోల్టుల క్షేత్రంలో ప్రోటాన్ మీటరులో లక్షవ వంతు దూరం పోతే ఎంత శక్తి పొందుతుంది? జవాబు: 1 కోటి ఎలక్ట్రాన్ వోల్టులు.