నయోమి ముందు పోసిన యవలు

చెల్లీ, సాక్ష్యాల కూడికలో ఎవరైనా లేచి ‘దేవుడు మేలు చేశాడు’ అంటుంటే లోపల కలుక్కుమంటోందన్నావు కదా, ఈసారి ఆ ముచ్చటే చెప్పుకుందాం. ఉద్యోగం వచ్చింది, ఆపరేషన్ బాగా జరిగింది, పిల్లకు సంబంధం కుదిరింది... అవి మేళ్లే, కాదనను. అవేవీ జరగని ఇంటికి మాత్రం ఆయన మంచివాడు కాడా?

నేనైతే రూతు గ్రంథం తెరుస్తాను. నాలుగే అధ్యాయాలు, పొయ్యి మీద అన్నం ఉడికేలోపు చదివేయొచ్చు. కరువుకు బెత్లెహేము విడిచి మోయాబు వెళ్లిన నయోమి అక్కడ భర్తను, ఇద్దరు కొడుకులను పోగొట్టుకుని తిరిగొచ్చింది. పలకరించిన ఊరి ఆడవాళ్ల దగ్గర ఏమీ దాచలేదు. నిండుగా వెళ్లినదాన్ని దేవుడే వట్టి చేతులతో తెచ్చాడని అనేసింది. అలా అన్నందుకు ఆ గ్రంథంలో ఆమెను మందలించినవాళ్లే లేరు. నాకది ఎంత ఊరటో! దేవుడు మంచివాడని నమ్మినవాళ్లకే ఆయనతో నిష్ఠూరమాడే చనువుంటుంది. మనమంటే పట్టనివాడితో మొరపెట్టుకుంటామా?

తర్వాత చూడు. యవల కోతలు మొదలయ్యాయి. కోడలు రూతు పరాయి దేశపు పిల్ల, ఆమెకూ భర్త లేడు. నయోమి భర్తకు బంధువైన బోయజు పొలంలో పరిగె ఏరుకోబోయింది. పొలం అంచులు కొయ్యకుండా, రాలిన వెన్నులు ఏరకుండా పేదలకూ పరదేశులకూ విడిచిపెట్టాలని లేవీయకాండంలో దేవుడి ఆజ్ఞ. రూతుకు ఆకలి వేయకముందే ఆమె కూడు గురించి ఆయన ఆలోచించి పెట్టాడన్నమాట. బోయజు అంతటితో ఆగలేదు. పనల్లోంచి కావాలనే కొన్ని వెన్నులు లాగి పడేయమని, ఆ పిల్లను కసురుకోవద్దని పనివాళ్లకు చెప్పాడు. పుచ్చుకునే మనిషి చిన్నబోకుండా పెట్టడమంటే అదీ! సాయంత్రం గింజలు రాల్చుకుంటే తూమెడు యవలయ్యాయి. వాటిని చూసి, పొలం ఎవరిదో విన్నాక, అదే నయోమి దేవుడు బతికినవాళ్లనూ పోయినవాళ్లనూ మరవలేదంది.

భర్త తిరిగి రాలేదు, కొడుకులూ రాలేదు. ఎందుకు పోయారో గ్రంథం చివరిదాకా చెప్పదు. జవాబు దొరక్కపోయినా ఆమె మేలును గుర్తుపట్టింది. మన విశ్వాసానికి ఆధారం ఇదేనని నా నమ్మకం చెల్లీ. మనకు జరిగినవాటిని బట్టి ఆయన మంచివాడు కాలేదు, ఆయన స్వభావమే మంచిది. తర్వాత బోయజును పెళ్లాడిన రూతుకు దావీదు మునిమనవడు. మత్తయి రాసిన యేసు వంశావళిలో ఆమె పేరుంది. ఆ యేసు మన బాధలోకి, సిలువ దాకా దిగివచ్చాడు కాబట్టే, మేలు కనబడని రోజున క్రైస్తవులు సిలువ వైపు చూస్తారు.

ఇంకో మాట. మీ సంఘంలో ఈమధ్యే భర్త పోయినావిడ ఉందన్నావు. ఆమెకు ఇప్పుడే వాక్యాలు చెప్పకమ్మా. కాస్త బియ్యం, పప్పు పట్టుకెళ్లి దగ్గర కూర్చో. దేవుణ్ణి ఏమైనా అంటే అననీ, అడ్డుపడకు.