ఒకే గాలి, వేర్వేరు వేడి

మునగాలలో మా ఇంట్లో ఎసట్లో బియ్యం పోస్తే కాసేపటికి నీళ్లకీ బియ్యానికీ ఒకే వేడి వస్తుంది. ఒకదానికొకటి తగులుతూ వేడి పంచుకుంటాయి. సౌర పవనంలో మాత్రం ఈ లెక్క తప్పుతుంది. అందులో ఎక్కువగా ప్రోటాన్లు, కొద్దిగా హీలియం అయాన్లు ఉంటాయి. వేగంగా వీచే పవనంలో హీలియం వేడి ప్రోటాన్ల కంటే నాలుగు రెట్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ!

ఎందుకు? మొదటిది, ఆ గాలి చాలా పలుచన. భూమి దగ్గర ఘన సెంటీమీటరుకు సుమారు 5 నుంచి 10 కణాలే. ఢీకొనడమే అరుదైతే పంచుకోవడం ఎక్కడ?

రెండోది, లయ. అయస్కాంత క్షేత్రం చుట్టూ ప్రతి అయాన్ తన ఆవేశం, ద్రవ్యరాశిని బట్టి తిరుగుతుంది. హీలియం లయ ప్రోటాన్ లయలో సగం. ఊయలని దాని ఊపుకు తగ్గట్టు తోస్తేనే పైకి లేస్తుంది కదా! అలాగే అయాన్ కూడా తన లయకు కలిసిన తరంగం నుంచి శక్తి లాక్కుంటుంది. నెమ్మది తరంగాల్లో శక్తి ఎక్కువ, అందుకే హీలియంకి పెద్ద వాటా. ఇది ముఖ్యమైన వివరణల్లో ఒకటి, చర్చ ఇంకా నడుస్తోంది.

2023 సెప్టెంబర్ 2న శ్రీహరికోట నుంచి వెళ్లిన ఆదిత్య-ఎల్1లో స్విస్ అనే పరికరం ఈ రెండు అయాన్లనూ విడివిడిగా కొలుస్తోంది. రెండూ కలిపి ఒకే సగటు తీస్తే ఈ తేడా కనిపించదు. డేటాతో పనిచేసే మనం గుర్తుపెట్టుకోవాల్సింది ఇదే.