ఓస్త్రోహ్ పట్టణము – దాని విద్యాపీఠము

ఉక్రెయిన్ దేశపు పశ్చిమ భాగమున, వొలీనియా ప్రాంతములో ఓస్త్రోహ్ అను చిన్న పట్టణము కలదు. విలియా నది హొరీన్ నదిలో కలియు చోటికి సమీపమున, గుట్టపై పాత కోట నిలిచియున్నది. ఈ ఊరి ప్రస్తావన 1100వ సంవత్సరము నాటి వృత్తాంతములలోనే కానవచ్చును. 2020లో జరిగిన పునర్విభజన వరకు ఇది జిల్లా కేంద్రము. నేడు రివ్నే జిల్లాలో చేరియున్నది.

ఇంత చిన్న ఊరిని గూర్చి మేము వ్రాయుటకు కారణము దాని విద్యాపీఠమే. 1576లో కాన్‌స్తాంతిన్ ఓస్త్రోజ్‌స్కీ ప్రభువు దానిని స్థాపించెను. గ్రీకు, లాటిన్, స్లావోనిక్ భాషలు అచట బోధింపబడెను. ప్రభువు అన్నగారి కుమార్తె హాల్ష్కా 1579లో తన వీలునామా ద్వారా దానికి ధనమొసగెను. చర్చి స్లావోనిక్ భాషలో తొలి సంపూర్ణ ముద్రిత బైబిలును ఇవాన్ ఫెదొరోవ్ 1581లో ఈ ఊరిలోనే అచ్చువేసెను. ఈ ప్రభువుల ఏలుబడిలో తాతారు ముస్లిములును ఇచట స్థిరపడిరి. తాతారు బురుజు అను పేరు నేటికిని వారిని జ్ఞప్తికి తెచ్చుచున్నది.

1608లో ప్రభువు మరణించెను. ఆయన మనుమరాలు అన్నా 1624లో జెసూట్ కళాశాలను నెలకొల్పి, దానినే ఆదరించెను. పోషణ కరువై పాత విద్యాపీఠము 1636లో మూతపడెను. తిరిగి తెరచుటకు 1994 వరకు, అనగా 358 సంవత్సరములు పట్టినది. నేడది జాతీయ విశ్వవిద్యాలయము.

ఒక్క దాత ఆయుష్షుపై ఆధారపడిన విద్యాలయమునకు ఎట్టి గతి పట్టునో ఓస్త్రోహ్ చరిత్ర తెలుపుచున్నది. కళాశాల భారము కమిటీ పెద్దలది మాత్రమే కాదు. నేటి విద్యార్థులు రేపు సంపాదనపరులైనప్పుడు, గ్రంథాలయమునకొక పుస్తకమో, బీద విద్యార్థికొక యేటి ఫీజో ఇచ్చుట మరువరాదని మా మనవి.