క్రిస్మస్ ఇంట జాజ్ సంగీతం



ఆగమన కాలం వచ్చిందంటే మన కృష్ణా తీరపు విచారణలలో పాటల బృందాలు ఇల్లిల్లూ తిరుగుతాయి. ఈ మధ్య ఒక యువకుడు అడిగాడు: "ఫాదర్ గారూ, క్రిస్మస్‌కి ఇంట్లో జాజ్ పెడితే, అది క్లబ్బుల పాట, ఆపెయ్యమన్నారు నాన్నగారు. వింటే తప్పా?"

జవాబుకు ముందు నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. చాలా ఏళ్ళ క్రితం ఒక పల్లె విచారణలో, క్రిస్మస్ రాత్రి ఊరేగింపుకు కొందరు యువకులు డప్పులు తెచ్చారు. గురువిద్యాలయంలో తత్వశాస్త్రం చదివి వచ్చిన నాకు గ్రెగోరియన్ గానం ఒక్కటే పవిత్రమనిపించేది. "దివ్య బాలుని ముందు ఈ గోల ఏమిటి?" అన్నాను. వారు మారు మాట్లాడకుండా వెళ్ళిపోయారు. ఆ రాత్రి పూజకు వారెవరూ రాలేదు.

జాజ్ పుట్టుక

అమెరికా దక్షిణాన న్యూ ఓర్లీన్స్ అనే రేవు పట్టణం ఉంది. ఫ్రెంచి, స్పెయిన్ పాలనలలో పెరిగిన ఊరు గనుక అక్కడ కథోలికులు ఎక్కువ. ఆఫ్రికా నుండి బానిసలుగా తెచ్చినవారు, వారి బిడ్డలు ఆదివారాలలో కాంగో స్క్వేర్ అనే మైదానంలో చేరి డోళ్ళు వాయించి పాడుకునేవారు. 1865లో బానిసత్వం రద్దయింది. తరువాతి తరాలు ట్రంపెట్లు, క్లారినెట్లు, డ్రమ్ములు పట్టి బ్యాండు మేళాలు కట్టాయి. మన పెళ్ళిళ్ళకు, ఊరేగింపులకు వచ్చే బ్యాండు మేళం వంటివే. పండుగకూ అవే, శవయాత్రకూ అవే. ఆ మేళాల నుండి, ఆ ప్రజల పాటల నుండి, 1900 ప్రాంతంలో జాజ్ రూపుకట్టింది. జాజ్‌కు మారుపేరైన లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ 1901 ఆగస్టు 25న ఆ ఊరి తిరుహృదయ దేవాలయంలో జ్ఞానస్నానం పొందిన బిడ్డ. తరువాత ఈ సంగీతం క్లబ్బులలో వినిపించిన మాట నిజమే. కాని దాని పుట్టిల్లు క్లబ్బు కాదు, కష్టజీవుల వీధి.

ఎలా వినాలి?

మన గాయకులు కీర్తనలో ఒక పాదాన్ని తీసుకుని, రాగం తప్పకుండా, అప్పటికప్పుడు స్వరకల్పన చేస్తారు. దానిని మనోధర్మం అంటాం. జాజ్‌కు ప్రాణం కూడా అదే. ముందు తెలిసిన పాట వాయిస్తారు, తరువాత ఒక్కొక్కరు దానిని తమ తీరులో పెంచుతారు, చివర మళ్ళీ పాటకే చేరుకుంటారు. పాలకొల్లులో పుట్టిన మాండొలిన్ శ్రీనివాస్ 1983లో, పసితనం వీడకుండానే, బెర్లిన్ జాజ్ ఉత్సవంలో కర్ణాటక సంగీతం వినిపించారు. ఆ రెండు సంగీతాలకు చుట్టరికం ఉందనడానికి ఇదొక నిదర్శనం.

ఈ పండుగకు మూడు రికార్డులు వినండి. విన్స్ గ్వరాల్డి 'ఎ చార్లీ బ్రౌన్ క్రిస్మస్' (1965)లో 'ఓ టానెన్‌బామ్' మొదట పియానో మీద నిదానంగా వస్తుంది, తరువాత బేస్, డ్రమ్ములు కలిసి నడక మారుస్తాయి. పిల్లలకు పాట పెరిగే తీరు చెప్పడానికి ఇది మంచి పాఠం. ఎల్లా ఫిట్జెరాల్డ్ 1960లో పాడిన క్రిస్మస్ రికార్డులో మనందరికీ తెలిసిన 'జింగిల్ బెల్స్' ఉంది. అదే ఏడాది డ్యూక్ ఎలింగ్టన్, చైకోవ్‌స్కీ 'నట్‌క్రాకర్'ను జాజ్ మేళానికి మలిచారు.

దేవాలయంలోనా, ఇంటిలోనా?

1903లో పునీత పదవ పయస్ పోపుగారు పియానో, డ్రమ్ముల వంటి వాద్యాలను దేవాలయంలో వాయించరాదన్నారు. 1963లో రెండవ వాటికన్ మహాసభ, ఆయా ప్రజల సంగీత సంప్రదాయాలను గౌరవించాలనీ, ఆరాధనకు తగిన ఇతర వాద్యాలను అధికారుల అనుమతితో వాడవచ్చనీ చెప్పింది. 1957లో కథోలికురాలైన జాజ్ పియానో విద్వాంసురాలు మేరీ లూ విలియమ్స్ స్వరపరచిన పూజా గీతాలు 1975లో న్యూయార్క్ పునీత పాట్రిక్ కతీడ్రల్‌లో వినిపించాయి. అయితే పూజలో సంగీతం ప్రార్థనకు సేవకురాలు. పూజలో దేనికి చోటివ్వాలో శ్రీసభ నిర్ణయిస్తుంది. ఇంట్లో మాత్రం సంతోషంగా వినండి, నాన్నగారిని కూడా పక్కన కూర్చోబెట్టుకుని వినండి.

దేవుని కుమారుడు మనుష్యుడైనప్పుడు ఆ వార్త మొదట అందింది గొర్రెల కాపరులకు. వారి చేతులను లోకం చిన్నచూపు చూసింది. డప్పు కొట్టే చేతులను మన ఊళ్ళు ఎలా చూశాయో మీకు తెలుసు. ఆ రాత్రి నేను ఆపింది శబ్దాన్ని అనుకున్నాను. నిజానికి ఆపింది మనుషులను. మరుసటి ఏడు నేనే వారి పేటకు వెళ్ళి, తప్పు ఒప్పుకుని పిలిచాను. వారు వచ్చారు. ఊరేగింపులో డప్పులే ముందు నడిచాయి.

కుటుంబంలో చర్చించండి

1. మనకు నచ్చని సంగీతం ఏది? నచ్చనిది ఆ సంగీతమా, దానిని వాయించేవారా?
2. మన విచారణ క్రిస్మస్ పాటల బృందంలో ఇంతవరకు ఎవరికి చోటు దొరకలేదు? ఈ ఏడు వారిని పిలవడానికి ఎవరు వెళతారు?