‘పెళ్లయిందా?’ అంటే ఏం చెప్తారు?

లేడీ డాక్టరు ముందు కూర్చోగానే రెండు ప్రశ్నలు పడతాయి. లాస్ట్ పీరియడ్ ఎప్పుడొచ్చింది? పెళ్లయిందా? మొదటిదానికి ఫోన్ తీసి డేటు చూసి చెప్తాం. రెండోదానికి ‘లేదండీ’ అనేసి ఊరుకుంటాం. అబద్ధమేమీ ఆడలేదు. కానీ ఆవిడకు కావలసింది మూడుముళ్ల సంగతా? శారీరక సంబంధం ఉందా అని సూటిగా అడగలేక మన దగ్గర చాలామంది డాక్టర్లు ఆ ప్రశ్నకు వేసిన ముసుగు అది. మనమూ ముసుగులోంచే జవాబిస్తాం. ఇంకేముంది, చేయాల్సిన పరీక్ష చేయరు. పొత్తికడుపు నొప్పికి గ్యాస్ మాత్ర రాసి పంపేస్తారు.

అందుకే వెళ్లేముందు ఒక్క వాక్యం అద్దం ముందు పలికి చూసుకోండి: ‘పెళ్లి కాలేదు మేడమ్, కానీ సెక్సువల్లీ యాక్టివ్.’ ఇంగ్లిష్ ముక్కలేమిటని నవ్వకండి. ఈ మాట అచ్చ తెలుగులో అనబోతే గొంతు పెగలదు. అరువు మాట చాటునైనా నిజం బయటపడితే చాలు. ఉద్యోగం ఇంటర్వ్యూకి పరిచయ వాక్యాలు పదిసార్లు వల్లె వేస్తాం కదా, దీనికి రెండుసార్లు సరిపోతుంది.

‘ఏ బాధా లేదు, ఎందుకెళ్లాలి?’ అంటారా? బాధ లేకపోవడమే ఇక్కడ చిక్కు. శారీరక సంబంధం వల్ల అంటుకునే క్లమీడియా ఇన్‌ఫెక్షన్ సోకిన ఆడవాళ్లలో ఎక్కువమందికి ఆ సంగతే తెలియదు. మంట ఉండదు, తెల్లబట్టలో తేడా కనపడదు. వదిలేస్తే కొందరిలో లోలోపలే గర్భాశయ ట్యూబుల దాకా పాకుతుంది. పిల్లలు కావాలనుకున్ననాడు, ఎన్నో ఏళ్ల తర్వాత, ట్యూబులు మూసుకుపోయాయని బయటపడుతుంది. మొదట్లోనే దొరికితే వారం రోజుల యాంటీబయాటిక్‌తో పోయేదే. కాకపోతే మీ భాగస్వామి కూడా వాడాలి.

అదే దారిలో సోకే హెచ్‌పీవీ వైరస్ ఇంకా నింపాది. చాలామందికి ఎప్పుడో ఒకప్పుడు సోకుతుంది, ఎక్కువసార్లు ఒకటి రెండేళ్లలో ఒళ్లే వదిలించుకుంటుంది. కొందరిలో మాత్రం తిష్ఠ వేస్తుంది. అక్కణ్నుంచి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ దాకా పోవడానికి సాధారణంగా 15–20 ఏళ్లు పడుతుంది. అంత గడువిస్తుందీ జబ్బు! అయినా మన దేశపు స్త్రీలలో రొమ్ము క్యాన్సర్ తర్వాతి స్థానం దీనిదే. దీన్ని ముందే పసిగట్టే పాప్ స్మియర్‌లో ‘పాప్’ అంటే డాక్టర్ పాపనికొలావ్ పేరులో ముక్క. ఆయన పరిశోధన కోసం భార్య ఆండ్రోమాకి ఏళ్ల తరబడి తన శాంపిల్స్ ఇచ్చింది. వందేళ్ల కిందట ఆవిడకు లేని మొహమాటం మనకెందుకో.

పరీక్షకు పట్టేది రెండు మూడు నిమిషాలు. చిన్న పరికరంతో లోపల కాస్త తెరిచి, బ్రష్‌తో తుడిచి తీస్తారు. నొప్పికన్నా ఇబ్బందే ఎక్కువ. నొప్పెడితే ఆపమనండి, ఆపుతారు. నెలసరిలో వెళ్లకండి, ముందు రెండు రోజులు కలయికా లోపలి క్రీములూ వద్దు. ఇది ఏటా చేయించుకోనక్కర్లేదు. అమెరికాలో 21 ఏళ్ల నుంచి మూడేళ్లకోసారి చేస్తారు, ప్రపంచ ఆరోగ్య సంస్థ మామూలుగా 30 నుంచి అంటుంది. మీకెప్పుడో డాక్టరుతో తేల్చుకోండి. హెచ్‌పీవీ టీకా సంగతీ అప్పుడే అడగండి. 26 ఏళ్ల లోపువారు సంబంధం మొదలయ్యాక వేసుకున్నా ప్రయోజనమే. ఆరు నెలల్లో మూడు డోసులు. పుణె సీరం ఇన్‌స్టిట్యూట్ వారి సెర్వావాక్ 2023 నుంచి మన దగ్గరే దొరుకుతోంది.

తోడొచ్చిన అమ్మను కాసేపు బయట కూర్చోబెట్టమని డాక్టరునే అడగండి. ఆ మాట మీరంటే ఇంట్లో పంచాయితీ, ఆవిడంటే రూలు. డాక్టరే నీతి ప్రవచనం మొదలుపెడితే? ఫీజు ఇచ్చేసి ఇంకో డాక్టరును వెతుక్కోండి. ప్రభుత్వాసుపత్రుల్లో సురక్ష క్లినిక్‌లున్నవి క్లమీడియా లాంటి లైంగిక ఇన్‌ఫెక్షన్ల కోసమే. 20 నుంచి 24 వారాల మధ్య గర్భస్రావం విషయంలో పెళ్లయినవాళ్లనీ కానివాళ్లనీ వేరు చేయకూడదని 2022 సెప్టెంబరులో సుప్రీంకోర్టే చెప్పింది. కోర్టు దాటొచ్చిన ప్రశ్న దగ్గర ఓపీ గది ఆగిపోవడమేమిటి?

లేచి వచ్చేముందు ‘మళ్లీ ఎప్పుడు రమ్మంటారు?’ అని అడిగి, ఆ తేదీ కూడా పీరియడ్ డేట్ల పక్కనే ఫోన్‌లో రాసుకోండి.