ఉత్తమపురుష సర్వనామము – పాత్రపరిణామము: ‘రురోనీ కెన్షిన్’ ఆంగ్లానువాద పరిశీలన

పాత్రయొక్క మనఃపరిణామమును కథాసంఘటనలవలెనే వ్యాకరణాంశములును తెలుపగలవు. అట్టి అంశము అనువాదమున లోపించినచో కథ నిలుచును గాని పాత్ర మాసిపోవును. ఇందులకు ఖడ్గవిద్య ప్రధానముగాగల జపాను చలచిత్రమాలిక ‘రురోనీ కెన్షిన్’ చక్కని నిదర్శనము.

నొబుహిరో వాత్సుకి 1994–1999 నడుమ ప్రకటించిన చిత్రకథ దీనికి మూలము. 1996–1998లో ఇది జపాను దూరదర్శనమున ప్రసారమైనది. కథాకాలము 1878. నాయకుడు కెన్షిన్ 1868 నాటి రాజ్యపరివర్తనమునకు ముందు ‘బత్తోసాయి’ అను పేర పలువురను సంహరించినవాడు. ఇక చంపనని వ్రతముపట్టి, పదును వెనుకవైపునగల ఖడ్గముతో దేశసంచారము చేసినవాడు.

జపాను భాషలో ‘నేను’ అను అర్థమునకు పెక్కు పదములు కలవు. కెన్షిన్ తన్ను ‘సెష్షా’ అని చెప్పుకొనును. సమురాయిలు వినయముతో వాడిన ఈ మాటకు నేర్పులేనివాడని వాచ్యార్థము. వాక్యాంతమున ‘దె గోజారు’ అను ప్రాత మర్యాదరూపమును చేర్చును. కావోరు అను యువతిని జినె అను హంతకుడు అపహరించినపుడును, పూర్వవైరి సైతోతో పోరునపుడును అతని నోట ‘ఒరె’ అను బిరుసైన పురుషపదము వెడలును, మర్యాదరూపము మాయమగును. మేలుకొన్న పూర్వహంతకుని శ్రోత ఆ మాటలోనే గుర్తించును.

ఆంగ్లమున రెంటికిని ‘ఐ’ ఒక్కటే గతి. ఆంగ్ల సంభాషణలు కూర్చిన క్లార్క్ చెంగ్ ‘దె గోజారు’నకు బదులు ‘దట్ ఐ యామ్’, ‘దట్ ఐ డిడ్’ వంటి తోకలను వాక్యములకు చేర్చెను. ఈ ఉపాయమున పలుకుబడిలోని వింతతనము దక్కినది. సర్వనామభేదము మాత్రము దక్కలేదు. ఆ భారము నటుని కంఠముపై పడినది.

భారతీయభాషలకు ఈ దారిద్ర్యము లేదు. తమిళమున ‘అడియేన్’, ఉర్దూలో ‘నాచీజ్’ కలవు. తెలుగున ‘ఈ అల్పుడు పోరాడగలడు’ అన్నచో క్రియ ప్రథమపురుషమున నుండును. ‘నేను చంపెదను’ అన్నంతనే ఉత్తమపురుషమగును. పాత్ర మారినట్లు క్రియాంతమే చాటును. అయితే ‘అడియేన్’లో భక్తిభావము మెండు, ‘సెష్షా’లో అది లేదు. కావున పదమునకు పదము వెదకుటకన్న రెండు పలుకుబళ్ల భేదమును ఆద్యంతము నిలుపుట ముఖ్యము.

ఆంగ్లప్రతినే మూలముగా గ్రహించు అనువాదకునకు ఈ భేదము కానరాదు. తన భాషలోని సంపద తనకే అక్కరకు రాదు. ఆంగ్లము మధ్యవర్తి అయినచోట మూలముతో సరిచూచుట అనువాదకుని ప్రథమ కర్తవ్యము.