నొప్పుల వైద్యుని ఎన్నుకొనుట ఎట్లు?

ఊడ్పులు, కలుపుతీతలు ముగియు దినములలో మేము ఏ గ్రామమునకు పోయినను నడుమునొప్పి, మోకాళ్లనొప్పి మాట వినకుండ తిరిగివచ్చుట లేదు. చాలమంది ఊరి ఆర్.ఎం.పి. యొద్ద సూదిమందు వేయించుకొని మరునాడే చేనికి పోవుదురు. విత్తనపు సంచిపై చీటీ చదువనిదే పైకము చెల్లింపని రైతు, తన యొంటిలోనికి ఎక్కించు మందు పేరైనను అడుగకుండుట మాకు వింతగా నున్నది.

ఆ సూదులలో తరచుగా నుండునది డైక్లోఫినాక్. అది నొప్పిని తగ్గించును గాని, విడువక వాడినచో కడుపులో పుండ్లు పుట్టించును, మూత్రపిండములను చెరచును. కొందరు స్టెరాయిడు కలుపుదురు. నొప్పి మాయమైనట్లే తోచును. నెలల తరబడి సాగినచో రక్తమున చక్కెర పెరుగును, ముఖము ఉబ్బును, ఎముకలు గుల్లబారును.

3 నెలలు దాటి నిలిచిన నొప్పికి ప్రత్యేక వైద్యులు కలరు. వీరిలో పెక్కురు మత్తు వైద్యమున ఎం.డి. పట్టము పొంది, పిమ్మట నొప్పుల చికిత్సలో వేరుగ శిక్షణ పొందినవారు. ఈ శాఖకు ఆద్యుడని చెప్పదగిన అమెరికా వైద్యుడు జాన్ బోనికా కుస్తీలు పట్టి సంపాదించుచు చదువుకొన్నవాడు. ఆ దెబ్బల నొప్పులను తానే చిరకాలము అనుభవించెను. నొప్పిని గూర్చిన అంతర్జాతీయ సంఘము 1973లో ఆయన చొరవవలననే ఏర్పడినది.

బోర్డు చూచి లోనికి పోరాదు. చీటీపై వైద్యుని పట్టము, రాష్ట్ర వైద్యమండలి రిజిస్ట్రేషన్ సంఖ్య ఉన్నవో లేవో చూడవలెను. శిక్షణ ఎక్కడ పొందితిరని మర్యాదగా అడుగుట తప్పు కాదు. అంతకంటె ముఖ్యము ఆయన నడవడి. నొప్పి ఎప్పుడు మొదలైనది, ఏ పనిలో హెచ్చును, నిద్ర పట్టునా యని అడిగి, చేతితో తాకి పరీక్షింపవలెను. చక్కెర, రక్తపు పోటు, మూత్రపిండముల సంగతి, రక్తము పలుచన చేయు మాత్రల సంగతి విచారింపక సూది పట్టువానిని నమ్మరాదు. వెన్నులో సూది వేయవలసి వచ్చినచో ఎక్స్‌రే యంత్రముతోనో, అల్ట్రాసౌండుతోనో చూచుచు వేయుదురా యని అడుగుడు. వ్యాయామము మాట ఎత్తక, ఒక్క సూదితో జన్మకు నొప్పి రాదని పలుకువాని యొద్ద నుండి లేచి వచ్చుటయే మేలు.

ఎం.ఆర్.ఐ. చిత్రములో డిస్కు అరిగినదని చెప్పగానే ఎద్దులనమ్మి శస్త్రచికిత్సకు సిద్ధపడువారు కలరు. 2015లో ప్రకటింపబడిన యొక పరిశీలన ప్రకారము, నొప్పియే లేనివారిలో సైతము 20 ఏండ్లవారికి నూటికి 37 మందికిని, 80 ఏండ్లవారికి 96 మందికిని అట్టి అరుగుదల కనబడినది. చిత్రమునకు గాక మనిషికి చికిత్స చేయువాడే వైద్యుడు.

అయితే నడుమునొప్పితో కూడ కాళ్లు చచ్చుబడినను, మలమూత్రములపై స్వాధీనము తప్పినను, జ్వరము గాని చిక్కిపోవుట గాని ఉన్నను ఏ నొప్పుల క్లినిక్కునకును పోక తక్షణమే పెద్దాసుపత్రికి పోవలెను. కాళ్లు చచ్చుబడినప్పుడు గంటలే లెక్క.

కేన్సరు నొప్పి వేరు. దానికి మార్ఫిన్ అవసరము కావచ్చును. 1985 నాటి మాదకద్రవ్యముల చట్టము కఠినమగుటచే అది దొరకుట కష్టముగా నుండెను. 2014లో చట్టము సవరింపబడినది. హైదరాబాదు ఎం.ఎన్.జె. ఆసుపత్రిలో ఉపశమన వైద్యవిభాగము కలదు. అలవాటు పడుదురను భయముతో రోగిని బాధకు విడుచుట దయ కాదు.

పోవునప్పుడు పాత చీటీలు, తినిన మాత్రల అట్టలు అన్నియు సంచిలో వేసికొని పోవలెను. ఆర్.ఎం.పి. ఇచ్చిన పొట్లము మిగిలియున్నచో దానిని కూడ దాచక చూపుడు. చికిత్సకగు మొత్తము వ్యయమును ముందుగా కాగితముపై వ్రాయించుకొనుడు.